దాలయ్య నెంబరు

పోయిన వారం ఎర్రన్న ఇంటి అరుగు మీద జాన్ ల్యాప్‌టాప్ తెరిచి, "ఒరే నాగా, ముందే సెప్తన్నాను" అని గొంతు సవరించుకున్నాడు. మనం అక్కడే లేచి వచ్చేశాం. అసలు ఆ అరుగు ఎవరిదో, ఆ గొడవేమిటో తెలియనివాళ్లు కంగారుపడక్కర్లేదు, నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను.

నౌపడ ఉప్పుమళ్లు దాటి సముద్రం వైపు పోతే వచ్చే రేవులో ఎర్రన్న పేరున్న వేటగాడు. నీళ్ల కింద బండలు ఎక్కడున్నాయో, ఏ బండ చుట్టూ ఏ చేప కాపురం చేస్తుందో ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఆ మహానుభావుడు మొన్న వేసవిలో ఒడ్డున వల దులుపుతూ దులుపుతూ పడిపోయాడు. కుడి పక్క చచ్చుబడింది, మాట పడిపోయింది. బండల గురుతులు కొడుకు నాగబాబుకు అందలేదు, పడవలో ఉండే జీపీఎస్ పెట్టె నిరుడే నీళ్లపాలైంది. గురుతులు లేకుండా వల వేస్తే డీజిలు ఖర్చు కూడా రాదు. అందుకని నాగబాబు గుజరాత్ వెళ్లి వెరావల్‌లో సేటు బోటు మీద పనిచేయడానికి ఒప్పుకున్నాడు. ఎల్లుండే రైలు. వెళ్లాడంటే మళ్లీ ఎండలు ముదిరేదాకా రాడు. అతను వెళ్లడం పెళ్లాం గౌరికి సుతరామూ ఇష్టం లేదు. ఇక ఆ ఇంటికి మిగిలిన ఆశ ఒక్కటే, ఎర్రన్న ఫోను.

ఎందుకంటే అందులో మ్యాపు యాప్ పెట్టింది నాగబాబే. "నోటితో సెప్పొద్దులే అయ్యా, సేప పడ్డ సోటల్లా దీని మీద నొక్కు సాలు, అదే గుర్తెట్టుకుంటాది" అన్నాడు నిరుడు. ఎర్రన్న బుద్ధిగా తలూపాడు. కానీ ఆ ఫోను ఇప్పుడు కాసేపు పనిచేస్తే ఇంకాసేపు మూలుగుతోంది. దానంతటదే ఆగుతుంది, దానంతటదే మొదలవుతుంది. టెక్కలిలో సెల్‌ఫోన్ల షాపు పెట్టుకున్న జాన్ నాగబాబుతో కలిసి చదువుకున్నవాడు. బాప్టిస్టు చర్చిలో కీబోర్డు వాయించడం ముగించుకుని, ఆదివారం బట్టల్లోనే బండెక్కి వచ్చేశాడు.

"ముందే సెప్తన్నాను, తర్వాత నన్ను తిట్టుకోకూడదు," అన్నాడు జాన్. "దీని కంపెనీవోళ్లు దీన్ని ఎప్పుడో ఒగ్గేసినారు. కొత్త సాఫ్ట్‌వేర్ ఇయ్యరు. బయట కుర్రోళ్లు తయారు సేసింది ఒకటున్నాది, కస్టమ్ రోమ్ అంటారు. అది ఎక్కిస్తే ఫోను లేడిపిల్లలాగ పరిగెడతాది. గానీ ఎక్కించాలంటే ముందు కంపెనీ ఏసిన తాళం తియ్యాల. తాళం తీసినామా, లోపలున్నదంతా తుడిసిపెట్టుకుపోతాది."

గుమ్మం పక్కన చేపలు ఉప్పులో దొర్లిస్తున్న ఎర్రన్న పెళ్లాం కూర్మమ్మ తలెత్తింది. "అదేటి జానూ? తాళం తీస్తే సామాను పోవడమేటి?"

"దొంగ తాళం తీసినా ఆడికేటీ దొరక్కూడదని అలాగ ఎట్టినారు పిన్నీ."

"దొంగ మీద కోపం ఇంటోళ్ల మీద తీర్సుకున్నట్టున్నాది!"

"అందుకే ముందు బ్యాకప్పు," అన్నాడు జాన్. "ఉన్నదంతా ఈ ల్యాప్‌టాప్‌లోకి ఎత్తి పెట్టుకుందుం. తాళం తీసి, కొత్తది ఎక్కించి, మళ్లీ అందులో పోసేద్దుం. గానీ బ్యాకప్పు తియ్యాలంటే ఫోను తెరుసుకోవాల కదా. పాటర్ను ఎవరికి తెలుసు?"

అందరి చూపులూ అరుగు చివర నులకమంచం మీదికి పోయాయి. ఎర్రన్న కళ్లు మూసుకుని ఉన్నాడు. నిద్ర మాత్రం కాదు, ఆ రెప్పల వణుకు చూస్తే చిన్నపిల్లాడికి కూడా తెలుస్తుంది.

గౌరి వెళ్లి మంచం పక్కన నేల మీద కూర్చుంది. ఎర్రన్న ఆమెకు మావగారే కాదు, సొంత మేనమామ. తల్లి పోయాక ఆ ఇంట్లోనే పెరిగింది. ఆయన తిట్టినా, పెట్టినా ఆమెకు అలవాటే.

"మావా, పాటర్ను సెప్పు."

ఎర్రన్న గోడ వైపు తల తిప్పేసుకున్నాడు.

ఎందుకు తిప్పుకున్నాడో ఇంట్లో అందరికీ తెలుసు. ఆ రేవులో ఒక కట్టుబాటు ఉంది. బండ గురుతు నేల మీద చెప్పకూడదు. చెప్పేవాడూ వినేవాడూ పడవలో ఉండాలి, ఒడ్డున ఇళ్లు కనుమరుగవ్వాలి, అప్పుడు చెవిలో చెప్పాలి. ఒడ్డుకొచ్చాక "ఇంత సేప ఎక్కడ పడినాదిరా?" అని ఎవరైనా అడిగితే, దక్షిణం వెళ్లినవాడు ఉత్తరం అనాలి. అక్కడ దాన్ని అబద్ధం అనరు, మర్యాద అంటారు. ఎర్రన్న కొడుక్కి కూడా ఒక బండ అలాగే నడిసముద్రంలో చెప్పాడు. ఆ ఏడాదే ఎవరిదో పెళ్లిలో రెండు గ్లాసులు పడేసరికి నాగబాబు నోరు జారాడు. వారం తిరక్కుండా నాలుగు ఊళ్ల పడవలు ఆ బండ మీద వాలాయి. చివరికి అక్కడ చిక్కుకుని తెగిన వలల పీలికలు తప్ప ఇంకేమీ మిగల్లేదు. ఎర్రన్న కొడుకును ఒక్క మాట అనలేదు. రెండో బండ మాత్రం చెప్పలేదు, బండల మీదికి వెంట తీసుకెళ్లడం కూడా మానేశాడు.

"నీకు అబద్ధం సెప్పను మావా," అంది గౌరి గొంతు తగ్గించి. "నువ్వు పాటర్ను సెప్పకపోయినా జానన్న ఫోను బాగు సేసేస్తాడు. గానీ లోపలున్నదంతా పోతాది. అది పోతే బావ ఎల్లుండి రైలెక్కేస్తాడు. బావ తాగి వాగినాడు, నిజమే. నువ్వు శిక్ష బావకే ఏసినాననుకుంటన్నావు. అది నాకూ పడతాది, అత్తకీ పడతాది. నిన్నీ మంచం మీద ఒగ్గేసి ఎల్లినోడు అక్కడ ముద్ద మింగుతాడేటి? సాలు మావా. ఇంక సాలు."

ల్యాప్‌టాప్ ఫ్యాను గుయ్‌మంటోంది.

కాసేపటికి ఎర్రన్న తల ఇటు తిప్పాడు. కళ్ల నిండా నీళ్లు. ఎడమ చెయ్యి చాచి, గౌరి అరచేతిని తన వైపు లాక్కున్నాడు. కొడుక్కి కనబడకుండా ఒళ్లు అడ్డం పెట్టి, ఆ అరచేతిలో చూపుడు వేలితో గీత గీశాడు. కింది నుంచి పైకి, పక్కకు, మళ్లీ ఏటవాలుగా కిందికి. ఇంకోసారి గీశాడు. గౌరి తలూపింది.

గీత కనబడకపోయినా, ఇచ్చింది ఎవరికో నాగబాబు చూశాడు. "కొడుక్కివ్వలేదు సూడరా, కోడలికిచ్చినాడు," అన్నాడు జాన్‌తో మెల్లగా. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

ఫోను తెరుచుకుంది. జాన్ వైరు పెట్టాడు. సగంలో ఫోను ఆగిపోయింది, మళ్లీ మొదలైంది. జాన్ ఓపికమంతుడు. "తొందరపెడితే ఇది మనకంటే ముందు పరలోకానికి పోతాది," అంటూ ఫొటోలు ఒకసారి, మెసేజీలు ఒకసారి, వాట్సాప్ ఒకసారి, విడివిడిగా లాగాడు. ఎర్రన్న తీసిన ఫొటోల్లో సగం ఆయన బొటనవేలివే. చివరికి మ్యాపులో నొక్కిన గుర్తులు కూడా వచ్చేశాయి. ల్యాప్‌టాప్ తెర మీద ఎర్ర చుక్కలు బోలెడు లేచాయి. నాగబాబు మోకాళ్ల మీద ముందుకు జరిగాడు.

"పెద్దది సెయ్‌రా, పెద్దది సెయ్!"

జాన్ మొదటి చుక్కను పెద్దది చేశాడు. చేసి, తల గోక్కున్నాడు.

"ఇది నౌపడ స్టేషనురా."

"ఇంకోటి సూడు."

"ఇదీ... ఉప్పుమళ్ల నడిమధ్యన."

మూడోది టెక్కలి బస్టాండు. నాలుగోది చూసి కూర్మమ్మ సంతోషపడింది కూడా. "శ్రీముఖలింగం గుడి కదూ? శివరాత్రికి ఎల్లినాం గదా. అప్పుడు కూడా నొక్కినాడా ఏటి?" ఆ తర్వాత దొరికినవన్నీ ఒకేచోట కుప్పగా ఉన్నాయి. అవన్నీ వాళ్లు కూర్చున్న ఈ అరుగే. సముద్రంలో ఒక్క చుక్క లేదు. ఏడాదంతా కొడుకు "నొక్కుతన్నావా అయ్యా?" అని అడిగినప్పుడల్లా "నొక్కుతన్నాను" అన్నాడు పెద్దమనిషి. అబద్ధం ఆడలేదు పాపం, నొక్కుతూనే ఉన్నాడు. రేవులో మనుషులకు చెప్పే మర్యాదే ఫోనుకూ చెప్పాడు.

జాన్ నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నాగబాబు కూడా నవ్వేశాడు, పెద్దగా, పొట్ట పట్టుకుని. నవ్వుతూ నవ్వుతూనే కళ్లు తుడుచుకుని లేచి, చొక్కా జేబు తడుముకున్నాడు. రైలు టిక్కెట్టు అందులోనే ఉంది.

"అయిపోనాదిరా జానూ. ఇంక దాసుకోడానికి దాన్లో ఏటీ లేదు. తాళం తీసెయ్. ఫోను బాగైతే వెరావల్ అట్టుకెల్తాను, రాత్రులు దీంతోటి మాటాడుకోవచ్చు."

గౌరి అరచేతిలో మావ గీసిన గీత ఇంకా చురుక్కుమంటూనే ఉంది. ఇంత చేసి ఇచ్చింది ఇందుకా? మంచం వైపు చూసింది. ఎర్రన్న ఆమెనే చూస్తున్నాడు, రెప్ప వేయకుండా.

జాన్ ఫోను ఆపి, పక్క బటన్లు కలిపి నొక్కిపెట్టి, ఇంకో రకంగా తెరిచాడు. ల్యాప్‌టాప్‌లో ఏదో కొట్టాడు. ఫోను తెర మీద ఇంగ్లీషులో హెచ్చరిక వచ్చింది. తాళం తీస్తే మీ సమాచారమంతా చెరిగిపోతుంది, సరేనా, కాదా అని. జాన్ వేలితో బటను నొక్కి, తెర మీద ఎంపిక చూపే గీతను 'యస్' మీదికి జరిపాడు. ఇంకో బటను నొక్కితే అంతే సంగతులు.

"జానన్నా, ఉండు!" అంది గౌరి. "నెంబర్లు తీసినావా?"

"ఏ నెంబర్లు?"

"ఫోను నెంబర్లు. మావవి."

"అయ్యి సిమ్ములో ఉంటాయి కదే," అన్నాడు నాగబాబు విసుగ్గా.

"నాకూ ఇలగే సెప్పినారు. పోయినేడు నా ఫోను గంపలో నీళ్లకి తడిసినప్పుడు, నెంబర్లు సిమ్ములో ఉంటాయి, నీకెందుకు, అన్నారు. కొత్త ఫోన్లో ఎట్టి సూస్తే టెక్కల్లో నేను సేపలేసే వాడిక ఇళ్ల నెంబర్లు సగం లేవు. మళ్లీ ఈదీదీ తిరిగి, ఇంటింటికీ ఎల్లి అడుక్కున్నాను. కొన్ని సిమ్ములో కూకుంటాయి, కొన్ని ఫోన్లో కూకుంటాయి. మనకి సెప్పి కూకోవు."

జాన్ చెవులు ఎర్రబడ్డాయి. "నిజమే సెల్లెమ్మా. జీమెయిల్‌లో ఉంటాయిలే అనుకున్నాను."

"మావకి జీమెయిలేటి?"

జాన్ గీతను 'నో' మీదికి తెచ్చి నొక్కాడు. ఫోను ఆగి మళ్లీ మొదలైంది. కంపెనీ బొమ్మ వచ్చింది, గిర్రున తిరిగింది, ఆరిపోయింది. మళ్లీ వచ్చింది. మళ్లీ ఆరిపోయింది. "ముఖలింగేశ్వరా!" అంది కూర్మమ్మ. "ప్రభువా!" అన్నాడు జాన్. ఏ దేవుడు విన్నాడో గానీ ఎవరో ఒకరు విన్నారు. తెర తెరుచుకుంది. గౌరి ఫోను తీసుకుని పాటర్ను గీసింది.

సిమ్ములో ఉన్నవాళ్లు ఒక పక్క వచ్చారు. ఐసు ఫ్యాక్టరీ, డీజిలు బంకు, వేలంపాట పాడేవాడు, చుట్టాలు. ఫోనులో ఉన్నవాళ్లు ఇంకో పక్క వచ్చారు. వాళ్లు చెయ్యి వేళ్లంతమందే.

మొదటి పేరు దాలయ్య.

దాలయ్య ఎర్రన్న తండ్రి, గౌరికి తాత. ఆయన పోయేనాటికి ఆ రేవులో కరెంటు స్తంభాలే సరిగ్గా లేవు. కింద సోములు. ఆయన దాలయ్య తమ్ముడు, తుఫానులో పోయాడు. లక్ష్ముడు, చినబాబు. వాళ్లూ పోయినవాళ్లే.

"అత్తా, దాలయ్య తాతకి ఫోనేటి?"

"సచ్చినోడికి ఫోనేటే? మతి పోనాదా?"

"నెంబరున్నాది మరి. అన్నా, పద్దెనిమిదితో మొదలయ్యే సెల్ నెంబరు ఎక్కడన్నా ఉన్నాదేటి?"

"ఉండదు," అన్నాడు జాన్. "తొమ్మిదో, ఎనిమిదో, ఏడో, ఆరో ఉండాల."

గడప దాటబోతున్న నాగబాబు ఆగిపోయాడు. పడవల్లో, సముద్రం మీద ఉన్న చోటును అంకెల్లో చూపించే జీపీఎస్ పెట్టె చూసిన ఏ వేటగాడికైనా ఆ పద్దెనిమిది తెలుసు. వాళ్ల సముద్రం ఎక్కడ చూసినా పద్దెనిమిదితోనే మొదలవుతుంది. అతను గిరుక్కున వెనక్కి తిరిగాడు. "గౌరీ, మధ్యలో ఎనభై నాలుగు ఉన్నాదేటి సూడు."

"ఉన్నాది."

"అన్నిట్లోనా?"

"అన్నిట్లోనూ."

"ఓరి నాయనోయ్!" నాగబాబు అరుగు మీద చతికిలబడ్డాడు. "అది ఫోను నెంబరు కాదే. అది బండ! దాలయ్య బండ! కనిపెట్టినోడి పేరే కదే బండకి ఎడతారు. పెట్టె నీళ్లల్లో పోకముందే అయ్య నెంబర్లన్నీ ఇందులోకి దింపేసుకున్నాడు!"

గౌరికి అప్పుడు గుర్తొచ్చింది. ఫోను కొన్న కొత్తలో మావ ఆమెను అడిగి నేర్చుకున్నది ఒక్కటే. పేరు ఇక్కడ కొట్టాల, నెంబరు ఇక్కడ కొట్టాల, తర్వాత ఈ టిక్కు నొక్కాల. పదిసార్లు చెప్పించుకున్నాడు. ముసలాయన చుట్టాల నెంబర్లు దాచుకుంటున్నాడు కాబోలు అనుకుంది. చుట్టాలనే దాచుకున్నాడు, నిజమే.

"సెప్పవే! మొదటిది సెప్పు, మొత్తం సెప్పు!"

గౌరి నోరు తెరిచింది. "పద్దెనిమిది, ముప్పై ఒకటి..."

మంచం పట్టె ధన్‌మని మోగింది. ఎర్రన్న ఎడమ చేత్తో బలమంతా పెట్టి కొట్టాడు. గౌరి నోరు టక్కున మూతపడింది.

"కంగారు లేదు బాబాయ్, ముందు ల్యాప్‌టాప్‌లోకి ఎత్తేస్తాను, భద్రంగా ఉంటాయి," అని జాన్ వైరు అందుకోబోయాడు. పట్టె మళ్లీ మోగింది. ఎర్రన్న ల్యాప్‌టాప్ వైపు వేలు చూపించి, చెయ్యి అడ్డంగా ఊపాడు. కొడుకు వైపు చూపించి, మళ్లీ అడ్డంగా ఊపాడు. ఈసారి నెమ్మదిగా, బాధగా. ఆ తర్వాత వేలు గౌరి మీదికి తిరిగింది. అక్కడి నుంచి ఇసుక మీద బోర్లించి ఉన్న పడవ మీదికి, పడవ మీంచి సముద్రం మీదికి వెళ్లింది. గౌరి, పడవ, సముద్రం. ఇంకోసారి అదే చూపించాడు.

అందరికంటే ముందు కూర్మమ్మకు అర్థమైంది. ఉప్పు చేతుల్తోనే బుగ్గలు నొక్కుకుంది. "ఓలమ్మో! దీన్ని పడవెక్కమంటన్నాడు! నేల మీద సెప్పకూడదు గదా. నీళ్ల మీద సెప్పాలంటే ఇదే ఎల్లాల. ఆడమనిషి పడవెక్కడమేటి? ఎక్కడన్నా ఉన్నాదా?"

లేదు. ఆ రేవులో ఆడవాళ్లు చేప మోస్తారు, ఎండబెడతారు, బేరం ఆడతారు, వలలు అల్లుతారు. వేటకెళ్లే పడవలో ఇంతవరకు ఒక్క ఆడది కూర్చోలేదు. కూర్చుంటే సముద్రం కోప్పడుతుందని కొందరు అంటారు, మగవాళ్లు కోప్పడతారని ఇంకొందరు అంటారు.

గౌరి తల వంచుకుని ఫోనులోకి చూసింది. చినబాబు కింద ఇంకో పేరుంది. ఇందాక ఎవరికీ చదివి వినిపించలేదు. గౌరి అని ఉంది. తన నెంబరు సిమ్ములో వేరే ఉంది, చూసింది. ఇది పద్దెనిమిదితో మొదలవుతోంది. చచ్చినవాళ్ల వరసలో బతికి ఉన్నది తనొక్కతే. నిరుడు మావ గంపల నిండా కోనాం చేపలు తెచ్చి ఎక్కడిదో చెప్పకుండా నవ్విన రోజులు గుర్తొచ్చాయి. కనిపెట్టినవాడు తన పేరు పెట్టుకోవాలి. ఆయన పెట్టుకోలేదు.

గౌరి మంచం దగ్గరికి జరిగి, అందరికీ వీపు పెట్టి కూర్చుంది. టెక్కలి బజారులో ఏ ఇంటికి ఏ చేప, ఎవరు ఎన్ని తీసుకున్నారు, ఎవరు రేపిస్తానన్నారు, అన్నీ నోటితోనే నిలుపుకునే మనిషికి ఇదొక పనా? ముందు పద్దెనిమిది, మధ్యలో ఎనభై నాలుగు అన్నిటికీ ఒకటే. మిగిలినవే పట్టుకోవాలి. పెదవులు కదిపింది. దాలయ్య తాతది చదివి కళ్లు మూసుకుంది, తెరిచి సరిచూసుకుంది. సోములు తాతది. తర్వాతది. తనది చివర చదివింది, దానికి మళ్లీ చూసుకోవాల్సిన పని పడలేదు. మావ ఆమె పెదవులనే చూస్తూ ఎడమ చేత్తో ఆమె తల నిమిరాడు.

గౌరి లేచి ఫోను జాన్ చేతికిచ్చింది.

"ఇప్పుడు తీసెయ్యన్నా తాళం."

"అయ్యో, బ్యాకప్పు?"

"అయిపోనాది."

జాన్ నాగబాబు వైపు చూశాడు. నాగబాబు గౌరి వైపు చూశాడు. జాన్ మళ్లీ బటన్లు నొక్కిపెట్టాడు. అదే హెచ్చరిక వచ్చింది. గీతను 'యస్' మీదికి జరిపి నొక్కేశాడు. తెర నల్లబడింది. దాలయ్య, సోములు, లక్ష్ముడు, చినబాబు ఫోనులోంచి వెళ్లిపోయారు.

"రేవు ఊరుకుంటాదేటే?" అంది కూర్మమ్మ. గొంతులో కోపం లేదు, భయమే ఉంది. "తెల్లారితే అందరూ అక్కడే ఉంటారు. అందరి ముందూ ఎక్కుతావా?"

నాగబాబు పెళ్లాం ముఖం వంక చూస్తున్నాడు. అతని తండ్రి, తాతలు, ఈ ఇంటి అన్నం, అన్నీ ఇప్పుడు ఆ నుదుటి వెనకే ఉన్నాయి. అతని చెయ్యి ఇంకా జేబులో టిక్కెట్టు మీదే ఉంది. గౌరి చీర కుచ్చెళ్లు ఎత్తి బొడ్లో దోపుకుంది, నీళ్లలోకి దిగేవాళ్లు దోపుకున్నట్టే.

"బావా, రేపు పడవెప్పుడు దింపుతావు?"